బోర్లా పడుకున్న రోజులు

నేను బోర్లా పడుకుని ఉన్నాను. పొద్దున కాసేపు, మధ్యాహ్నం కాసేపు కాదు, అచ్చంగా రోజంతా. తిన్నా తల దించుకునే తినాలి, నాలుగడుగులు వేసినా నేల చూస్తూనే వేయాలి, నిద్రపోయినా ముఖం కిందికే ఉండాలి. నా కుడి కంట్లో లోపలి పొర ఊడింది. గోడకు అంటించిన కాగితం చెమ్మకు ఊడినట్టు ఊడిందని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్ చేసి దాన్ని మళ్ళీ అతికించి, అంటుకునేదాకా అదిమిపెట్టడానికి కంట్లోకి గాలి బుడగ ఎక్కించారు. బుడగ ఎప్పుడూ పైకే పోతుంది. ముఖం కిందికి ఉంటేనే అది వెనకాల ఉన్న పొరను నొక్కుతుంది. తలెత్తానా, బుడగ జారుతుంది, పొర లేస్తుంది. "కన్ను పోతే తెచ్చివ్వడం నా వల్ల కాదమ్మా" అని కూడా అందావిడ. ఆ మాట విన్నప్పటి నుంచి తుమ్మాలన్నా భయంగా ఉంది.

మా ఆయన వడ్రంగి. మాటలు తక్కువ, మేకులు ఎక్కువ. ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రమే పొడవాటి బల్ల ఒకటి తయారుచేసి, ఒక చివర ముఖం పట్టేంత కంత కోసి, చుట్టూ స్పాంజి అంటించాడు. ఆ కంతలో ముఖం పెట్టి పడుకుంటే కింద గచ్చు తప్ప ఏమీ కనబడదు. గచ్చు మీద నా సెల్లు. చేయి కిందికి వేలాడేసి తీసుకోవచ్చు. ఇంట్లో ఎవరొచ్చినా పాదాలే వస్తాయి. మా ఆయన పాదాలు రంపపు పొట్టుతో వస్తాయి. మా అత్తయ్య పాదాలు ఒకచోట నిలవవు, కాలు కాలిన పిల్లిలా వంటింటికీ నా బల్లకీ మధ్య తిరుగుతూనే ఉంటాయి. ముక్కు దురద పెడుతుంది, మెడ గుంజుతుంది, నడుము ఎవరిదో అద్దెకు తెచ్చుకున్నట్టుంటుంది. అయినా అవన్నీ ఓర్చుకునేదాన్నే. ఓర్చుకోలేనిది ఆ సెల్లు.

అది మోగితే ఈల సారే, నేను పనిచేసే లాండ్రీ మేనేజరు.

మా లాండ్రీ చిన్నదేం కాదు. పెద్ద పెద్ద హోటళ్ళ దుప్పట్లు, తువ్వాళ్ళు, ఆసుపత్రుల పక్కబట్టలు అన్నీ మా దగ్గరికే వస్తాయి. నాది రోలర్ దగ్గర పని. తడి దుప్పటి ఒక కొస నేను, ఇంకో కొస పొట్టక్క పట్టుకుని మెషీను నోటికి అందిస్తే, అవతలి వైపు నుంచి ఇస్త్రీ అయి వస్తుంది. మా మేనేజరుకు మనుషుల్ని పేరు పెట్టి పిలవడం చేతకాదు. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేస్తాడు. ఒక ఈలకు తల తిప్పి చూడాలి, రెండు ఈలలకు పరుగెత్తుకు రావాలి. కుక్కను పెంచేవాడు కూడా ముందు దానికో పేరు పెడతాడు. ఈయన దగ్గర మాకు ఆ మర్యాద కూడా లేదు.

ఆయన దగ్గర ఇంకో శాస్త్రముంది. సెలవడిగిన వాళ్ళను ఎదురుగా నిలబెట్టి, "తలెత్తి నా కళ్ళలోకి చూసి చెప్పు" అంటాడు. అబద్ధమాడే మనిషి కళ్ళలోకి చూడలేడని ఆయన గట్టి నమ్మకం. జ్వరంతో రెప్పలు వాలిపోతున్న వాడు అబద్ధాలకోరు. పొట్టక్క మాత్రం కళ్ళలోకి కళ్ళు పెట్టి ఏడాదికి ముగ్గురు మేనత్తలను చంపి సెలవు తెచ్చుకుంటుంది. ఆ మేనత్తలు ఇంకా ఎందరున్నారో ఆయన ఒక్కసారైనా లెక్క అడగలేదు.

నా కంటికి నల్లటి తెర దిగిన రోజు కూడా అదే జరిగింది. దుప్పటి కొస అందిస్తుంటే అవతల పొట్టక్క భుజం మాయమైంది. కళ్ళు నులుముకున్నా రాలేదు. వెళ్ళి సారుతో చెప్పాను. నిలబెట్టాడు, తలెత్తమన్నాడు, కళ్ళలోకి తొంగి చూశాడు. "తెల్లగా మల్లెపూవుల్లా ఉన్నాయి కళ్ళు. పో, రోలర్ ఖాళీగా తిరుగుతోంది" అన్నాడు. నేను వెళ్ళిపోయాను. డ్యూటీ అయ్యేదాకా దుప్పట్లు అందిస్తూనే ఉన్నాను. ఆ పూటే వచ్చుంటే తెర అంత దిగేది కాదని తర్వాత డాక్టరమ్మ అంది. ఆ మాటకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో, నా మీద నాకు అంతకంటే ఎక్కువ వచ్చింది.

ఇక ఇంటికొచ్చాక మొదలైంది ఫోన్ల పోటు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అదే ఇది. "కంటికి ఆపరేషనైతే కాళ్ళకేమైంది?" అని ఒకసారి. "బోర్లా పడుకుంటే నయమయ్యే రోగం నా సర్వీసులో వినలేదు" అని ఇంకోసారి. డాక్టరమ్మ ఇచ్చిన కాగితం మా ఆయన తీసుకెళ్ళి ఇస్తే, "కాగితాలదేముంది, ఎవరైనా రాయిస్తారు" అన్నాడట. ఒకరోజు వీడియో పెట్టమన్నాడు. సెల్లు గచ్చు మీదే ఉంచి పెట్టాను. కింద నుంచి ఆయనకు నా ముక్కురంధ్రాలు కనబడినట్టున్నాయి. "ఏంటా చూపించడం? తలెత్తి సరిగ్గా కూర్చో!" అని కేకలేశాడు. తల ఎత్తకూడదు సార్ అంటే వినడు. చివరికి నేనే కట్ చేశాను. తర్వాత ఏది కిర్రుమన్నా, అది మా ఆయన చిత్రిక పట్టే చప్పుడని తెలిసినా సరే, ఒళ్ళు ఉలిక్కిపడేది.

"తియ్యకే ఆ ఫోను" అన్నాడు మా ఆయన.

"తియ్యకపోతే ఉద్యోగం పోతుంది."

"పోతే పోనీ" అనలేదాయన. అనలేడు. బల్లలు చేయించుకునే వాళ్ళు నెలంతా ఉండరని ఇద్దరికీ తెలుసు. ఆయన పాదాలు రంపం దగ్గరికి వెళ్ళిపోయాయి.

ఒక మధ్యాహ్నం అలసిపోయి కంతలోనే నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి అత్తయ్య గొంతు, పెళ్ళివారితో మాట్లాడుతున్నంత తియ్యగా వినిపిస్తోంది.

"అయ్యో, మా కోడలికేం బాబూ! నిక్షేపంలా ఉంది. వేళకు తింటోంది, హాయిగా పడుకుంటోంది. కన్నా? కన్ను బంగారంలా ఉంది. మీ దయ వల్ల అంతా బాగుంది."

ఆవిడ పాదాలు తృప్తిగా ఇటు తిరిగాయి.

"మీ సారే ఫోన్ చేశారమ్మాయ్. ఎంత మర్యాదగా మాట్లాడాడో! ఎలా ఉంది పెద్దమ్మగారూ అని పదిసార్లు అడిగాడు."

"అత్తయ్యా! నా కొంప ముంచావు కదా!"

"నేనేం చేశానే?"

"బాగుందని ఎందుకు చెప్పావు? నాకు బాగుందా? ఇలా బల్లిలా అతుక్కుని పడుంటే బాగున్నట్టా?"

ఆవిడ నొచ్చుకుంది. "ఎలా ఉందంటే బాలేదని చెప్పమంటావా, పరాయి మనిషితో? పైన తథాస్తు దేవతలుంటారు. బాలేదంటే తథాస్తు అనేస్తారు. మీ మామయ్య మంచం మీదున్నన్నాళ్ళూ ఎవరడిగినా బాగున్నారనే చెప్పాను."

"మామయ్య పోలేదా మరి?"

నాలుక కరుచుకున్నాను గానీ మాట బయటికి వచ్చేసింది. ఆవిడ పాదాలు గడప దాటి వెళ్ళాయి. సాయంత్రం దాకా పలకరించలేదు. నీళ్ళ గ్లాసు మాత్రం గడ్డిపుల్లంత గొట్టం వేసి కంత కింద పెట్టి పోయింది. నాకు ఏడుపొచ్చింది. బోర్లా పడుకుని ఏడిస్తే చెంపలు తడవవు, కన్నీళ్ళు నేరుగా గచ్చు మీద పడతాయి. ఏడవకూడదని కూడా డాక్టరమ్మ చెప్పింది.

సారు దగ్గర్నుంచి మెసేజి వచ్చింది. "మీ ఇంటివాళ్ళే చెప్పారు నిక్షేపంలా ఉన్నావని. అబద్ధపు సెలవుకు ఏం శిక్షో నీకు తెలుసు." తెలుసు. అంతకుముందు ఒకామెను అలాగే తీసేశారు.

మర్నాడు పొట్టక్క ఫోన్ చేసింది. రోలర్ హోరులో గొంతు చించుకుంటోంది. "ఒసేయ్, సారు యాపిల్ పళ్ళు కొనుక్కు రమ్మని మనిషిని పంపాడే! నీ అడ్రసు తీయించాడు!"

ఈల సారు పళ్ళు పట్టుకుని వచ్చాడంటే అది పరామర్శ కాదు, సోదా. పళ్ళ సంచి గుమ్మంలో పెడుతూనే మనిషి మంచం మీద ఉన్నాడా, పొయ్యి దగ్గర ఉన్నాడా అని చూస్తాడు. మా ఆయన్ను పిలిచి చెప్పాను. ఆయన పాదాలు కదల్లేదు. "రానీ" అన్నాడు, అంతే. రానీ అంటే ఏం చేస్తాడో చెప్పలేదు. అత్తయ్య మాత్రం హడావిడిగా కుర్చీ తుడిచింది. "పెద్ద మనిషి, అడక్కుండానే చూడ్డానికొస్తున్నాడు. నువ్వేమో ఆయన్ని ఆడిపోసుకుంటావు" అంది.

సాయంత్రానికి వచ్చాడు. గుమ్మం దగ్గర బూట్లు విప్పిన చప్పుడు. తర్వాత రెండు బూడిదరంగు మేజోళ్ళు గచ్చు మీదికొచ్చాయి. ఎడమ మేజోడు చిరిగి బొటనవేలు బయటికి చూస్తోంది. తొమ్మిదేళ్ళు ఈయనకా నేను భయపడింది అనుకున్నాను. అనుకున్నాను గానీ భయం పోలేదు.

"రండి బాబూ, కూర్చోండి. ఈ పళ్ళెందుకు, మీరు రావడమే పదివేలు" అంటూ అత్తయ్య సంచి తీసుకుని కడగడానికి వెళ్ళింది.

కుర్చీ కిర్రుమంది. "ఏమ్మా, బాగా రెస్టు దొరికినట్టుందే."

"లేదు సార్. తల ఎత్తకూడదు సార్."

"నేను వచ్చి కూర్చుంటే వీపు చూపించి మాట్లాడతావా? ఒకసారి లేచి కూర్చో. తలెత్తి నా కళ్ళలోకి చూసి చెప్పు, రాలేనని. నమ్మి వెళ్ళిపోతాను. అక్కడ నువ్వు లేక రోలర్ దగ్గర దుప్పట్లు గుట్టలు పడ్డాయి. పైవాళ్ళు నన్ను నమిలేస్తున్నారు."

"లేస్తే కన్ను పోతుంది సార్."

"అరక్షణంలో పోతుందా?"

మా ఆయన గొంతు గోడ వైపు నుంచి వచ్చింది. "డాక్టరు కాగితం ఇచ్చాంగా సార్."

"కాగితం కాదయ్యా. నేను కళ్ళు చూస్తే గానీ నమ్మను. నా పద్ధతది."

తర్వాత ఆయన చేసిన పని నేను చచ్చేదాకా మరిచిపోను. కుర్చీ లోంచి లేచి, ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని, గచ్చు మీద కూర్చున్నాడు. వెల్లకిలా పడుకున్నాడు. బండి కింద దూరే మెకానిక్కులా బల్ల కిందికి మెల్లగా జరిగాడు. నా కంత కింద, జానెడు దూరంలో, ఈల సారు ముఖం ప్రత్యక్షమైంది.

"తలగడ ఇవ్వనా బాబూ?" అంది అత్తయ్య, వంటింటి గుమ్మంలోంచి. నిజంగానే అడిగింది పాపం.

ఆయన్ని నేనెప్పుడూ పైనుంచి చూడలేదు. బట్టతల మీద అడ్డంగా దువ్వుకున్న జుట్టు పక్కకు జారి గచ్చు మీద పడింది. నోరు కొంచెం తెరుచుకుంది. నా కుడి కన్ను ఎలా ఉందో నేను చూసుకోలేదు గానీ, రక్తం ముద్దలా ఉందని మా ఆయన చెప్పాడు. ఆ కన్ను చూసి ఆయన ముఖం మారింది. ఒక్క క్షణం. నమ్మాడు, నాకు తెలుసు. నమ్మినట్టు నాకు తెలిసిపోయిందని ఆయనకూ తెలిసింది. అదే ఆయనకు మింగుడుపడలేదు.

"ఎడమ కన్ను బాగానే ఉందిగా" అన్నాడు గొంతు తగ్గించి.

"ఉంది సార్."

"రేపు వ్యాను పంపిస్తాను. తల దించుకునే ఎక్కు, తల దించుకునే కూర్చో. రోలర్ వద్దు, తువ్వాళ్ళు మడతపెట్టు. అందరికీ నువ్వొచ్చావని తెలిస్తే చాలు. లేకపోతే ప్రతి ఒక్కరికీ ఒక కన్నో కాలో ఊడుతుంది."

ఎంత చక్కగా చెప్పాడో! ఒక్క క్షణం నాకే అది సబబనిపించింది. తల దించుకునే కదా, అనుకున్నాను. అంతలోనే ఆ వ్యాను గతుకుల్లో ఎగిరిపడ్డం, మెట్లెక్కడం, వెనక నుంచి ఎవరో పిలిస్తే తిరిగి చూడటం గుర్తొచ్చాయి. నా కంటి సంగతి ఈయనకు తెలిసి కూడా అడుగుతున్నాడు. తెలియక అడగడం వేరు.

"రాను సార్" అన్నాను, ఆయన కళ్ళలోకే చూస్తూ.

ఆయన తొందర తొందరగా బయటికి జరగబోయి బల్ల కాలికి నుదురు కొట్టుకున్నాడు. అత్తయ్య "అయ్యయ్యో" అంది. మేజోళ్ళు తడబడుతూ లేచి నిలబడ్డాయి. "ఇంటికొస్తే ఇదా మర్యాద! వీపు తిప్పుకుని పడుకుని, రాను పోను అని..." కోపంతో ఆయనకు మాటలు దొరకలేదు. మాటలు దొరకనప్పుడు ఆయనకు అలవాటైనదే చేశాడు. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, మా ఇంట్లో, నా తల మీద, ఈల వేశాడు.

నా తల లేచింది.

నేను ఎత్తలేదు. ఒట్టు, నేను ఎత్తలేదు. తొమ్మిదేళ్ళ నుంచి ఆ చప్పుడుకు తిరిగిన మెడ దానంతటది లేచింది. స్పాంజి నుంచి ముఖం ఊడి గచ్చు పోయి గోడ, గోడ మీద కిటికీ కనబడ్డాయి. కంట్లో బుడగ జారినట్టు వెండిరంగు గీత ఒకటి గిర్రున తిరిగింది. అంతలో నా మెడ మీద ఒక చేయి పడింది. పళ్ళు కడిగిన తడి చేయి. అది నా తలను పట్టుకుని, పిండి ముద్దను నొక్కినట్టు, కంతలోకి నొక్కింది.

"దించవే! దించు!" అంది అత్తయ్య.

ఆ చేయి తీయకుండానే ఆయన వైపు తిరిగినట్టుంది. ఆవిడ గొంతులో తేనె లేదు.

"ఎవరినయ్యా ఈలేసి పిలుస్తున్నావు? నా కోడల్నా? బాలేదు దానికి. వింటున్నావా? అస్సలు బాలేదు. కన్ను పోయేలా ఉంది. నిక్షేపంలా ఉందని నేను చెప్పింది అబద్ధం. నా నోటితో నేను చెప్తున్నాను, బాలేదు!"

మా ఆయన పాదాలు వచ్చి మేజోళ్ళకు ఎదురుగా నిలబడ్డాయి. ఇద్దరి మధ్యా బెత్తెడు ఎడం కూడా లేదు. మా ఆయన చేతిలో ఉలి ఉందని తర్వాత తెలిసింది. అది కావాలని తెచ్చుకోలేదు, పనిలోంచి అలాగే లేచొచ్చానని ఇప్పటికీ అంటాడు. మేజోళ్ళు వెనక్కి నడిచాయి. "పళ్ళు తీసుకుపో" అని అత్తయ్య అరిచింది గానీ ఆయన ఆగలేదు.

తలుపు మూశాక కూడా అత్తయ్య చేయి నా మెడ మీదే ఉంది.

"ఎత్తేశావా? బాగా ఎత్తేశావా?"

"కొంచెం."

"నా నోటితోనే బాలేదన్నానే. ముమ్మారు అన్నాను. నీ కంటికేమన్నా అయితే..." మాట పూర్తి చేయకుండా బల్ల పక్కనే కూలబడింది. ఆ రోజంతా వంటింట్లోకి పోలేదు. నేను కదిలినప్పుడల్లా ఆ చేయి వచ్చి మెడ మీద పడేది. ఆవిడ మీద నాకు పద్దెనిమిదేళ్ళుగా ఎన్ని ఫిర్యాదులున్నాయో, ఒక్కటీ గుర్తు రాలేదు. ఆవిడ తథాస్తు దేవతలకు భయపడుతోంది. నేను ఆ వెండి గీతకు భయపడుతున్నాను. ఇద్దరం ఒకరికొకరం చెప్పుకోలేదు.

మళ్ళీ చూపించుకోవాల్సిన రోజు వచ్చేదాకా ఎవరం సరిగ్గా నిద్రపోలేదు. డాక్టరమ్మ లైటు వేసి చాలాసేపు చూసింది. మా ఆయన్నీ, అత్తయ్యనీ బయట కూర్చోబెట్టింది. "మొత్తానికి అతుక్కుంది. కానీ ఒక పక్క అంచు లేచింది. మళ్ళీ చేయాల్సి రావచ్చు. తల ఎత్తారా ఎప్పుడైనా?" అని అడిగింది.

"ఒకసారి."

"అందువల్లేనని చెప్పలేను. కాదని కూడా చెప్పలేను." లైటు ఆర్పింది. "మిగతాదైనా జాగ్రత్త. ఇప్పుడు కాసేపు తలెత్తవచ్చు."

ఎత్తడానికి రాలేదు. మెడ కొయ్యబారిపోయింది, ధైర్యం అంతకంటే కొయ్యబారింది. అలాగే నేల చూస్తూ బయటికొచ్చాను. అత్తయ్య పాదాలు ఎదురొచ్చాయి. రెండు వేళ్ళతో నా గడ్డం పట్టుకుని మెల్లగా పైకెత్తింది. ఎన్నో రోజుల తర్వాత ఆవిడ ముఖం చూశాను. జుట్టు దువ్వుకోలేదు, కళ్ళ కింద గుంటలు పడ్డాయి. నేను ఎడమ కన్ను మూసి, కుడి కంటితో చూశాను. నీళ్ళ అడుగు నుంచి చూసినట్టు అంతా కదులుతోంది. ఆ కదిలే ముఖానికి ఒక పక్క, చెవి ఉండాల్సిన చోట, నల్లగా ఉంది. తల తిప్పినా నలుపు వెంటే వచ్చింది.

"కనిపిస్తున్నానా?" అంది.

"కనిపిస్తున్నావు అత్తయ్యా."

"మొత్తం?"

"మొత్తం."

ఆవిడ అక్కడే బెంచీ మీద కూర్చుని కొంగుతో ముఖం కప్పుకుంది. మా ఆయన నా ముఖంలోకి చూసి, ఏదో అడగబోయి, ఆగాడు. ఆ నలుపు సంగతి వినాల్సింది వీళ్ళు కాదు. నేను నడవ చివరికి నడిచి వెళ్ళి, సెల్లు తీసి, తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఈల సారుకు నేనే ఫోన్ చేశాను.